గుంటూరు ఎండను తట్టుకునే మొక్కలు ఎంచుకుని పెంచడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. గుంటూరు, విజయవాడల్లో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్ళే రోజులవి. నర్సరీలో చూసి ముచ్చటపడి తెచ్చిన మొక్క ఆ పదిహేను రోజులు దాటితేనే మనకు దక్కినట్టు. మా ఇంటి ముందు మొదటి ఏడాది ఆరు గులాబీలు నాటాను. ఎండిపోతాయేమోనన్న టెన్షన్‌తో రోజూ రెండు పూటలా నీళ్ళు పోశాను. ఆ నీళ్ళకే వేళ్ళు కుళ్ళి, మే రాకముందే అన్నీ పోయాయి. అప్పటినుంచి ముందు నేల చూసి, ఆ తర్వాతే మొక్క కొంటున్నాను.

1. నేల చూడండి

మన వైపు చాలాచోట్ల నల్లరేగడి. వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, వానలకు బంకగా మారి నీటిని వదలదు. అడుగు లోతు గుంట తవ్వి, నిండా నీళ్ళు పోసి మర్నాడు చూడండి. నీళ్ళు ఇంకా నిలిచి ఉంటే అక్కడ జానెడు ఎత్తున మట్టి పోసి, ఆ మెరక మీదే నాటాలి. ఏ మూల ఎంతసేపు ఎండ పడుతుందో కూడా గమనించండి.

2. చోటుకు తగిన మొక్క ఎంచుకోండి

పడమటి గోడ పక్క మధ్యాహ్నం ఎండకు గోడ వేడి కూడా తోడవుతుంది. అక్కడ కాగితం పూలు, దేవగన్నేరు బాగా నిలబడతాయి. కాగితం పూల మొక్కకు నీళ్ళు ఎక్కువైతే ఆకులే దట్టంగా వస్తాయి, పూలు తగ్గుతాయి. మట్టి ఆరాకే పోయండి. బిళ్ళగన్నేరు ఒక్కసారి నాటితే చాలు, రాలిన గింజలతో తనే మళ్ళీ మొలుస్తుంది.

అందరూ ఇష్టపడే నూరువరహాల గురించి ఒక మాట. దానికి కాస్త పులుపు గుణమున్న మట్టి కావాలి. మన రేగడికి ఎక్కువగా క్షార గుణం ఉంటుంది కాబట్టి ఇనుము సరిగా అందక, ఈనెలు పచ్చగా ఉండి ఆకు మాత్రం పసుపు రంగులోకి మారుతుంది. నేను దాన్ని కుండీలోనే పెంచుతాను. కొంచెం నీడ ఉన్నచోట నందివర్ధనం, వరండాలో స్నేక్ ప్లాంట్ పెట్టుకోవచ్చు. పెరట్లో కరివేపాకు ఎలాగూ ఉండాలి, కోసేకొద్దీ గుబురవుతుంది.

గన్నేరు ఎంత ఎండనైనా తట్టుకుంటుంది కానీ ఆకు నుంచి వేరు దాకా విషమే. చిన్న పిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో వద్దు. పచ్చిక లాన్ కూడా వద్దంటాను, నీళ్ళన్నీ అదే తాగేస్తుంది.

3. తొలకరి తర్వాత నాటండి

జూన్ చివర, జూలై మంచి కాలం. కొత్త మొక్కను వారం రోజులు నీడలో ఉంచి, మెల్లగా ఎండకు అలవాటు చేయండి. అడుగున్నర గుంట తీసి, ఆ మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. ప్లాస్టిక్ కవర్ కోసి తీసేయాలి. చుట్టలు చుట్టుకున్న వేళ్ళుంటే చేత్తోనే మెల్లగా విడదీయండి.

4. మొదటి ఏడాది కనిపెట్టి ఉండండి

మట్టిలోకి రెండు అంగుళాలు వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్ళు. రోజూ చెంబెడు పోసే కన్నా, వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపడం మేలు, వేళ్ళు కిందికి దిగుతాయి. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులో కొబ్బరి పీచో రెండు మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. నెర్రెలు తగ్గుతాయి, తడి నిలుస్తుంది.

5. పురుగులు

మందారానికి పిండినల్లి (తెల్లటి పిండిలా కనిపించే పురుగు) పడితే ముందు నీటి ధారతో కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి. నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే లావుపాటి పచ్చ గొంగళి కోసం కొమ్మల్లో వెతకండి. మందు అక్కర్లేదు, చేత్తో తీసి దూరంగా వదిలేయండి. కొన్నాళ్ళలో మళ్ళీ చిగురిస్తుంది.