లైఫ్‌బోటు మొరాయిస్తే: హ్యాండిల్‌ను నమ్మకండి, హుక్‌ను చూడండి

డెక్ కేడెట్లతో లైఫ్‌బోటు, రెస్క్యూ బోటు కసరత్తులు చేయించడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఏ బ్యాచ్ వచ్చినా అవే తంటాలు, అవే పొరపాట్లు. బోటు ఎక్కి బెల్టు బిగించుకోవడం, ఎవరి స్థానం ఏదో తెలుసుకోవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా ముందొకటి, వెనకొకటి హుక్‌లతో డేవిట్ నుంచి, అంటే బోటును వేలాడదీసి దించే, ఎత్తే చేతుల నుంచి దిగే బోటు గురించి. ఓడ మీంచి నేరుగా నీళ్ళలోకి దూకే ఫ్రీఫాల్ బోటు సంగతి వేరు.

ఇంజిన్ స్టార్ట్ కాదు

కీ తిప్పినా చడీచప్పుడూ లేకపోతే బ్యాటరీని కలిపే, విడదీసే ఐసొలేటర్ స్విచ్ చూడండి. ఒక బ్యాటరీ దిగిపోయి ఉంటే స్విచ్‌ను రెండో దానికి తిప్పండి. ఇంజిన్ తిరుగుతున్నా అందుకోకపోతే డీజిల్ వాల్వు మూసి ఉందేమో, ఇంజిన్ ఆపే పిడి బయటికి లాగి వదిలేశారేమో చూడండి. మైనస్ 15 డిగ్రీల చలిలో కూడా రెండు నిమిషాల్లో స్టార్ట్ కావాలన్న నియమానికి తగ్గట్టు తయారైన ఇంజిన్ అది. విశాఖ ఎండలో మొండికేసిందంటే ముందు వాల్వులు, స్విచ్‌లు వెతకాలి. వారానికోసారి కనీసం మూడు నిమిషాలు నడపాలన్న నియమాన్ని నిజంగా పాటించే ఓడలో ఈ సమస్య దాదాపు రాదు.

అవుట్‌బోర్డ్ మోటారు ఉన్న రెస్క్యూ బోటులో మరొకటి ఉంది. నడిపే మనిషి ఒంటికి తగిలించుకునే ఎర్ర తాడు, దాని క్లిప్పు. ఆ క్లిప్పు మోటారుకు తొడగకపోతే స్టార్ట్ చేసే తాడు ఎన్నిసార్లు లాగినా ప్రయోజనం లేదు. భుజం నొప్పి పుట్టేదాకా లాగి, అప్పుడు క్లిప్పు వెతికేవారిని ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను.

బ్రేకు ఎత్తినా బోటు దిగదు

బోటును కదలకుండా కట్టి ఉంచే గ్రైపులు విప్పలేదు, లేదా డేవిట్ పిన్ తీయలేదు. ముందు బ్రేకు తిరిగి వేసి, ఆ తరువాతే పైకి వెళ్ళి విప్పండి. బ్రేకు ఎత్తి ఉండగా గ్రైపు మీద చెయ్యి వేయవద్దు.

హుక్ మూసుకోదు, లేదా మూసుకున్నట్టే కనబడుతుంది

నన్ను దెబ్బతీసింది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

హుక్‌లను తెరిచే, మూసే హ్యాండిల్ దగ్గర నుంచి రెండు హుక్‌లకూ కేబుళ్ళు వెళతాయి. ప్రతి హుక్ తోకనూ పట్టి ఉంచేది కామ్ అనే ముక్క. అది పూర్తిగా తిరిగితేనే తోక దాని మీద గట్టిగా ఆనుతుంది. సగమే తిరిగితే అంచు మీద ఆనుతుంది. అప్పుడు చూడటానికి హుక్ మూసుకున్నట్టే ఉంటుంది, బరువు కూడా కాసేపు మోస్తుంది. ఒక అల ఊపితే జారిపోతుంది.

కామ్ సగంలో ఎందుకు ఆగుతుంది? హుక్‌ను చేత్తో పైకెత్తి మూయకముందే ఎవరో హ్యాండిల్ నొక్కుతారు. కామ్ వెళ్ళి తోకకు తగిలి ఆగుతుంది. హ్యాండిల్ బిగుసుకుంది కదా అని కాలితో తొక్కుతారు. లోపల కేబుల్ వంగి ఆ బలాన్ని మింగేస్తుంది, సేఫ్టీ పిన్ పడుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ వంకర అక్కడే ఉండిపోతుంది. మూడు నెలల తరువాత జరిగే డ్రిల్‌లో మీరు అంతా వరుసగా, సరిగ్గానే చేస్తారు. అయినా హ్యాండిల్ పూర్తిగా దిగుతుంది, కామ్ మాత్రం తిరగదు.

ఒక లంగరు రేవులో మాకు జరిగింది అదే. హ్యాండిల్ దగ్గరున్న కేడెట్ "పిన్ పడింది సార్" అన్నాడు. నేను నమ్మాను. నీటికి అడుగు ఎత్తులో ఒక్క క్షణం ఆపాం. వెనక హుక్ తెరుచుకుని ఆ కొస ధబ్బున నీళ్ళలో పడింది. డెక్ సిబ్బందికి పెద్ద అయిన బోసన్ మణికట్టు విరిగింది. ఇంకో పది మీటర్లు ఎత్తి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. తరువాత విప్పి చూస్తే క్లాంపు పక్కన కేబుల్ తొడుగు నొక్కుకుపోయి, తెల్లగా చారలు పడి ఉంది. బయట నుంచి చూస్తే వెనక కామ్ మీది ఎర్ర గీతకూ, పక్కనున్న గీతకూ మధ్య అర వేలు ఎడం. అంతే తేడా. ఎవరైనా వెనక్కి వెళ్ళి ఒక్కసారి చూసి ఉంటే తెలిసిపోయేది.

కాబట్టి ఇలా చేయండి. బోటు నీటి మీద ఉండగానే, బోటును వేలాడదీసే వైర్లు, అంటే ఫాల్స్ వదులుగా ఉండగానే హ్యాండిల్ పూర్తిగా తెరవండి. రెండు హుక్‌లనూ చేత్తో మూసిన స్థితికి తెచ్చి పట్టుకోండి. తరువాత హ్యాండిల్‌ను నెమ్మదిగా దించండి. అది మామూలు బలానికి రాకపోతే ఆగి కారణం వెతకండి. ముందొకరు, వెనకొకరు తమ హుక్ గీతలు కలిశాయో లేదో కళ్ళతో చూసి గట్టిగా చెప్పాలి. హ్యాండిల్ దగ్గరి మనిషి మాట ఇక్కడ లెక్కలోకి రాదు. ఆపైన హుక్ పొరపాటున తెరుచుకున్నా బోటు పడకుండా పట్టే ఫాల్ ప్రివెంటర్ తగిలించి, బోటు అడుగు నీటిని వదలగానే ఆపి, హుక్‌లు మళ్ళీ చూడండి. బోటు నీటి మీద లేనప్పుడు హ్యాండిల్ తెరుచుకోకుండా ఆపే ఇంటర్‌లాక్ సూచిక కూడా కిందికి దిగి ఉండాలి.

గీతలు కలవకపోతే ఆ హుక్ మీద మనుషులతో బోటు ఎత్తవద్దు. మనుషులను ముందు దించేయండి. బోటును ఎలా ఎత్తాలో తయారీదారు పుస్తకం చూసి డెక్ అధికారి అయిన మేట్ నిర్ణయిస్తారు. కేబుల్ పొడవును మీరే సర్దవద్దు. అది ధ్రువపత్రం ఉన్న నిపుణుల పని.

పాత రకం హుక్‌లలో నిబంధనలకు సరిపోనివాటిని మార్చాలన్న సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) సవరణ 2013 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పాత ఓడలకు ఆఖరి గడువు 2019 జులై 1. కొత్త హుక్‌లు మెరుగైనవే, కానీ కేబుల్ మాత్రం కేబులే. తొక్కితే వంగుతుంది.

హుక్‌లు తెరిచినా బోటు వదలదు

ఫాల్ ప్రివెంటర్ తీయడం మరిచారు.

మిగతావి

డీజిల్‌లో నీరు చేరడం, ఇంటర్‌లాక్ డయాఫ్రమ్ చిరగడం అరుదు. ఇంజినీరును పిలవండి.

ఎత్తేటప్పుడు మోటారు ఆగదు

డేవిట్ చేతులు చివరికి చేరేముందు మోటారును ఆపాల్సిన లిమిట్ స్విచ్ తుప్పుపట్టి ఉంటుంది. వెంటనే మోటారు ఆపండి, లేకపోతే డేవిట్ చేతులు చివరికి తగిలి వైరు తెగుతుంది. అసలు బోటు ఎత్తకముందే ఒక మనిషి ఆ స్విచ్‌ను చేత్తో నొక్కాలి, మోటారు ఆగిందని చూసి చెప్పాలి. ఆ తరువాతే ఎత్తడం మొదలుపెట్టండి.