హైవే ఎక్కితే బోటు కవర్ ఎందుకు నిలవడం లేదు? లక్షణం, కారణం, కొత్త కవర్ ఆర్డర్‌లో రాయాల్సినవి

ఇంటి ముందు ఆపిన బోటు మీద కవర్‌కి ఉండే పని వేరు, ట్రైలర్ మీద గంటకు 65 మైళ్ల వేగంతో పోయేటప్పుడు ఉండే పని వేరు. ఆగి ఉంటే ఎండా వానా ఆపితే చాలు. రోడ్డెక్కితే గాలిని తట్టుకోవాలి. డాలస్ నుంచి లేక్ ఫోర్క్‌కో, లేక్ టెక్సోమాకో 14 నుంచి 17 అడుగుల అల్యూమినియం బోటు లాక్కెళ్లేవారికి వచ్చే కవర్ తంటాలన్నీ దాదాపు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

కొత్తది ఆర్డర్ చేసే ముందు పాతదాన్ని పారేయకండి. పొడిగా ఉన్నప్పుడు బోటు మీద వేసి, చిరిగిన చోట, అరిగిన చోట, నీటి మరక పడ్డ చోట చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి ఫోటోలు తీయండి. కొత్త కవర్ కుట్టేవాళ్లకు ఏం చెప్పాలో సగం అక్కడే తేలిపోతుంది.

ముందు నుంచి ఉబ్బి, టపటపా కొట్టుకుంటోంది

పడవ ముక్కు దగ్గర అంచు కింద నుంచి గాలి దూరుతోందన్నమాట. అసలు కారణం తరచుగా సైజే. రెడీమేడ్ కవర్లు ఒక పొడవుకు కాకుండా ఒక శ్రేణికి కుడతారు. 16 నుంచి 18 అడుగులకని రాసి ఉన్నదాన్ని 16 అడుగుల బోటుకు వేస్తే రెండడుగుల గుడ్డ అదనంగా వేలాడుతుంది. కవర్ బిగించాక బోటు పక్కన గుడ్డను పట్టి లాగి చూడండి. పిడికిలి నిండా వచ్చిందంటే ఎన్ని పట్టీలు కట్టినా అది కొట్టుకోకుండా ఉండదు.

గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 45 మైళ్ల దగ్గర బుద్ధిగా ఉన్న కవర్ మీద 65 దగ్గర రెట్టింపు ఒత్తిడి పడుతుంది. దానికి 15 మైళ్ల ఎదురుగాలి తోడైతే ఇంకో సగం కలుస్తుంది. ఊళ్లో తిప్పి చూసి బాగుందనుకున్న కవర్ హైవే మీద చిరగడం అందుకే.

పాతదాంతోనే కొన్నాళ్లు నడపాలంటే కట్టే వరుస మార్చండి. ముందు ముక్కు దగ్గరి పట్టీని వించ్ స్టాండ్‌కి (ట్రైలర్ ముందు బోటును పైకి లాగే చక్రం ఉండే స్తంభం) లాగి కట్టాలి, తర్వాత వెనక, ఆ తర్వాత కుడి ఒకటి ఎడమ ఒకటిగా పక్కలు. పట్టీలు రెండు మూడు అడుగులకొకటి ఉండాలి. ప్రతి పట్టీకి ఒక మెలిక వేస్తే గాలికి జుంయ్ మని అదరదు. ట్రైలర్ ఫ్రేమ్‌కే కట్టండి. యాక్సిల్‌కి, స్ప్రింగులకు కట్టొద్దు, అవి కదులుతూ ఉంటాయి. పట్టీ కింద లైట్ల వైరు, బ్రేకు పైపు నలగకుండా చూసుకోండి. సాగే బంజీ తాళ్లు మాత్రం వద్దు. గాలి లేపినప్పుడల్లా అవి సాగుతాయి, కవర్ మళ్లీ ఉబ్బుతుంది, కొక్కెం ఊడితే వెనక వచ్చే కారు అద్దానికి ప్రమాదం. బయల్దేరిన 10 మైళ్లకు ఆగి మళ్లీ బిగించండి, మొదటి కుదుపులకు గుడ్డ సర్దుకుని పట్టీలు వదులవుతాయి.

ఆర్డర్‌లో రాయాల్సినవి: అంచు మడతలో తాడు, కవర్‌కే కుట్టిన పట్టీలు, తెరుచుకుని ఉండే రెండు గాలి కిటికీలు. లోపలికి దూరిన గాలి ఆ కిటికీల్లోంచి పోతే కవర్ మీద భారం తగ్గుతుంది.

ఇంకో మాట. కవర్ పట్టీలు బోటును పట్టి ఉంచేవి కావు. ట్రాన్సమ్‌ని, అంటే బోటు వెనక గోడని, ట్రైలర్‌కి కట్టే పట్టీలు, ముందు వించ్ పట్టీ, సేఫ్టీ చైను విడిగా ఉండాల్సిందే.

ఒకే చోట చిల్లు పడుతోంది

విండ్‌షీల్డ్ మూలలు, క్లీట్లు (తాళ్లు కట్టే కొమ్ములు), రాడ్ హోల్డర్లు (గాలపు కర్రలు నిలబెట్టేవి), దీపం పెట్టే గుంత అంచు, ట్రాలింగ్ మోటార్ (చేపలు పట్టేటప్పుడు బోటును నెమ్మదిగా నడిపే చిన్న మోటార్) బ్రాకెట్: చిల్లు వీటిలో ఏదో ఒకదాని మీదే ఉంటుంది. అక్కడ గుడ్డను చించేది బరువు కాదు, రాపిడి. వదులుగా ఉన్న గుడ్డ మైళ్ల కొద్దీ ఆ మూల మీద ఒరుసుకుంటుంది. అందుకే చిల్లుకు అతుకు వేసి వదిలేస్తే అతుకు పక్కనే మళ్లీ చిరుగుతుంది. మొదట బిగువు సరిచేయండి, తర్వాత ఆ మూలకు మెత్త వేయండి. ఈత కొలనులో వాడే ఫోమ్ గొట్టాన్ని నిలువుగా చీల్చి విండ్‌షీల్డ్ అంచుకు తొడిగితే బాగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువే.

గుడ్డ ఎంపిక ఇక్కడే తేలాలి. సన్‌బ్రెల్లా లాంటి ఆక్రిలిక్ గుడ్డకు రంగు వెలవదు, గాలి ఆడుతుంది. రేవులో, ఇంటి దగ్గర ఉంచడానికి మంచిది. రాపిడిని మాత్రం పాలిస్టర్ అంత తట్టుకోదు. లాక్కెళ్లే కవర్‌కి రంగు పోగులోనే కలిసిన పాలిస్టర్ అడగండి. 600 డెనియర్ (పోగు మందానికి కొలత) కన్నా పలచనిది ఈ పనికి వద్దు. నూలు కాన్వాస్ గాలి ఆడుతుంది గానీ తడిగా మడిస్తే కుళ్లిపోతుంది. మీరు చాక్‌పీస్‌తో గుర్తు పెట్టిన ప్రతి చోటా లోపలి వైపు రెండో పొర కుట్టించుకోండి. ఏ ధర దగ్గర బేరమాడినా ఈ పొరల దగ్గర తగ్గొద్దు.

గుడ్డ బాగానే ఉంది, కుట్లు విడిపోతున్నాయి

దారం ఎండకు చచ్చింది. మామూలు పాలిస్టర్ దారం గుడ్డకన్నా ముందే పోవడం సాధారణం. టెక్సస్ ఎండలో బయటే ఉండే బోటుకైతే మరీను. గోరుతో కుట్టును గీకితే దారం పొడిలా రాలుతుంటే మొత్తం కుట్లు మళ్లీ వేయించాల్సిందే, ఊడిన చోట మాత్రమే వేయిస్తే పక్కది ఊడుతుంది. కొత్తదానికి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం) దారం అడగండి. ఖరీదు ఎక్కువే, కానీ ఎండకు పాడవదు.

మధ్యలో నీళ్లు నిలుస్తున్నాయి

ఒక గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. పది గ్యాలన్లు నిలిస్తే 80 పౌండ్ల పైమాటే, ఒకసారి సాగిన గుడ్డ తిరిగి బిగువుకు రాదు. ఆగి ఉన్నప్పుడు కింద నిలువు కర్ర పెట్టాలి. తిప్పలు రోడ్డు మీదే. ఒట్టి కర్ర గుంతలకు పక్కకు పడి, కవర్‌ని లోపల్నుంచి పొడుస్తుంది. ముందు క్లీట్ నుంచి వెనక దాకా ఒక పట్టీ లాగి, దాన్ని కర్ర తలలోంచి పోనిస్తే కర్ర కదలదు. లేదంటే లాక్కెళ్లేటప్పుడు కర్ర తీసేయండి.

బూజు వాసన

నీరు పైనుంచి రాలేదు, లోపలే ఉండిపోయింది. టెక్సస్‌లో చెరువు దగ్గర నుంచి కదిలేటప్పుడు బోటులో నీళ్లన్నీ వదిలేయాలన్నది చట్టం. 2009లో టెక్సోమాలో కనిపించిన జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు వేరే చెరువులకు పాకకుండా ఆ నియమం. కాబట్టి డ్రెయిన్ ప్లగ్ (బోటు అడుగున నీళ్లు వదిలే బిరడా) ఎలాగూ తీస్తారు. ఇంటికి వచ్చాక కార్పెట్ ఆరేదాకా కవర్ వేయకండి. కవర్‌ని గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు, మెత్తని బ్రష్‌తో కడిగి నీడన ఆరేయండి. డ్రయ్యర్‌లో వేస్తే నీరు ఆపే పూత పోతుంది.

కస్టమ్ కవరే తెప్పించినా సరిపోలేదు

ఎక్కువసార్లు తప్పు మోడల్ సంవత్సరంలో ఉంటుంది. కొన్న ఏడాదీ మోడల్ ఏడాదీ ఒకటి కానక్కర్లేదు. బోటు వెనక కుడివైపు పైన చెక్కిన 12 అక్షరాల హల్ నంబరు (బోటు గుర్తింపు సంఖ్య) చూడండి. 1984 తర్వాత తయారైనవాటిలో చివరి రెండు అంకెలే మోడల్ సంవత్సరం.

పొడవు కొలిచేటప్పుడు టేపును డెక్ వంపుల వెంట పోనివ్వకండి. ముక్కు చివర నుంచి ట్రాన్సమ్ మధ్యకు గాలిలో తిన్నగా లాగాలి. ఇద్దరుంటే సులువు. వెడల్పు అత్యంత విశాలమైన చోట తీసుకోండి. వెనక మోటారును ఈ పొడవులో కలపొద్దు, దాని ఎత్తు, వెడల్పు విడిగా రాయండి. మోటారు కవర్‌లోకి వస్తుందా, బయటే ఉంటుందా అన్నది మీరే తేల్చి చెప్పాలి.

ముక్కు మీద ట్రాలింగ్ మోటార్ ఉంటే అది ఎడమ వైపా, కుడి వైపా అన్నది తప్పక రాయాలి. కంపెనీ బిగించకుండా మీరు తర్వాత బిగించుకున్నవన్నీ, ఫిష్ ఫైండర్ స్టాండు, ఎత్తు సీటు, అదనపు రాడ్ హోల్డర్లు, డెక్ నుంచి ఎన్ని అంగుళాల ఎత్తో రాసి, ఫోటోలో పక్కన టేపు పెట్టి పంపండి. మోడల్ ప్యాటర్న్‌లో ఇవేవీ ఉండవు. ఎత్తు సీటు మడిచి లాక్కెళ్తారా, నిలబెట్టే లాక్కెళ్తారా అన్నది కూడా తేడా తెస్తుంది.

పార్సిల్ రాగానే ట్యాగులు తీయకుండా, శుభ్రంగా పొడిగా ఉన్న బోటు మీద వేసి చూడండి. ముక్కు దగ్గర మడత పడినా, వెనక మూల అందకపోయినా అప్పుడే ఫోటో తీసి తిరిగి పంపండి. ఒకసారి హైవే ఎక్కించాక వాడిన కవర్ కిందే లెక్క, తిరిగి తీసుకుంటారన్న నమ్మకం పెట్టుకోకండి.