ఇంట్లో బేస్ గిటార్ తయారీ: ముందు నెక్, ఆ తర్వాతే బాడీ

చర్చి బ్యాండుకో, మెలోడీ పార్టీకో పనికొస్తుందని చెక్కపని తెలిసినవాళ్లు బేస్ గిటార్ మొదలుపెడతారు. మొదలుపెట్టగానే చేసే పని బాడీకి బొమ్మ గీసుకోవడం. కొమ్ములు ఎలా తిరగాలి, రంగు నలుపా ఎరుపా అని వారం గడుస్తుంది. నెక్ (చేత్తో పట్టుకుని తీగలు నొక్కే పొడవాటి భాగం) సంగతి ఆఖర్న, మిగిలిన కర్రతో, మిగిలిన ఓపికతో. తీగలు బిగించిన నెలకే ఏడో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా దించిన లోహపు కడ్డీ) దగ్గర తీగ కింద వేలు దూరేంత ఎత్తు వస్తుంది. అప్పుడు పికప్, అంటే తీగల కదలికను కరెంటుగా మార్చే భాగం, మారుస్తారు. పికప్ చేసిన పాపం ఏమీ లేదు.

నాలుగు తీగలు కలిపి 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతాయి. రాత్రింబవళ్లు ఆ లాగుడును ఆపేది రెండు సెంటీమీటర్ల మందం కర్ర ఒక్కటే. అందుకే నెక్ ముందు చేయాలి. అది తిన్నగా వచ్చి, నెల రోజులు తిన్నగానే ఉంటే అప్పుడు బాడీకి కర్ర కొనండి.

కర్ర

బాడీకి గంభారి. మనవాళ్లు గుమ్మడి టేకు అనేది దీన్నే. ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ సామిల్లుల్లో గంభారి అని అడగండి. 44 మిల్లీమీటర్ల మందం బాడీ గంభారితో రెండున్నర కిలోల్లో తేలిపోతుంది. టేకుతో మూడు దాటుతుంది. శీషంతో నాలుగుకి దగ్గరపడుతుంది, రెండు గంటల ఆరాధన అయ్యేసరికి భుజం చెబుతుంది. మామిడి చవక, కానీ పుప్పి పడుతుంది. పనస మంచిదే. బొబ్బిలి వీణలు పనసతోనే చేస్తారు కదా, నెక్ కూడా దాంతోనే చేస్తామంటారు కొందరు. వద్దు. వీణ ఫ్రెట్లు మైనంలో కూర్చుంటాయి, శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్లీ సర్దుకోవచ్చు. బేస్‌లో ఫ్రెట్ గాడి ఒకసారి కోశాక సర్దడం ఉండదు, కింద కర్ర కదలకూడదు.

నెక్‌కు చేవదేరిన టేకు. తెల్లచెక్క ఒక్క గీతంత కూడా ఉండకూడదు. అన్నిటికంటే మంచిది పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు. ఎన్నో ఏళ్లు ఆరిన కర్ర అది. కోసేముందు అయస్కాంతం తిప్పి మేకులు చూసుకోండి, లేకపోతే రంపం పళ్లు పోతాయి. కొత్త కర్ర కొంటే బిల్లు తీసుకోండి. రాత్రిపూట చవగ్గా ఇస్తామన్న దుంగ జోలికి పోవద్దు, అది పచ్చిగానూ ఉంటుంది.

ఫింగర్‌బోర్డ్‌కు (నెక్ పైన అతికించి ఫ్రెట్లు దించే పలకకు) జిట్టేగి, అంటే రోజ్‌వుడ్. 6 మిల్లీమీటర్ల మందం, 65 వెడల్పు, 65 సెంటీమీటర్ల పొడవు ముక్క చాలు.

ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపును సరిచేసే ఇనప కడ్డీ), ఫ్రెట్ తీగ, ట్యూనింగ్ కీలు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), ప్రెసిషన్ రకం పికప్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ట్రస్ రాడ్ రెండు వైపులా పనిచేసేదే కొనండి, 60 సెంటీమీటర్ల పొడవుది. పనిముట్లు: చిత్రిక, రంపం, పావు అంగుళం ఉలి, మూలమట్టం, ఆకురాళ్లు, రూటర్, ఎనిమిది జీ క్లాంపులు. క్లాంపులు తక్కువైతే అరువు తెచ్చుకోండి, ఆరింటితో సరిపెట్టవద్దు.

కొలతలు

స్కేల్, అంటే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే ముక్క) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ మోగే పొడవు, 34 అంగుళాలు, అంటే 863.6 మిల్లీమీటర్లు. 1951లో అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు పెట్టిన కొలత ఇదే. ఫ్రెట్లు 20. మొదటిసారి చేసేవాళ్లు 24 ఫ్రెట్లు, ఐదు తీగలు అనే మాట ఎత్తకూడదు.

ఫ్రెట్ లెక్క తేలిక. మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. నట్ నుంచి ఒకటోది 48.5, రెండోది 94.2, మూడోది 137.4, ఐదోది 216.6, ఏడోది 287.2, పన్నెండోది 431.8, ఇరవయ్యోది 591.6 మిల్లీమీటర్లు. ప్రతి కొలతా నట్ నుంచే తీసుకోవాలి. ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కు కొలుచుకుంటూ పోతే ప్రతిచోటా పావు మిల్లీమీటరు తప్పు చేరి, ఇరవై దగ్గరికి వచ్చేసరికి ఐదు మిల్లీమీటర్లు అవుతుంది. కాగితం మీద ప్రింట్ తీసి అంటించేవాళ్లు ముందు పన్నెండో గీత 431.8 దగ్గర ఉందో లేదో స్టీలు స్కేలుతో చూడండి. ప్రింటర్ చెప్పకుండా సైజు తగ్గిస్తుంది.

గీత పెన్సిల్‌తో కాదు, కత్తిమొనతో. గాడి వెడల్పు 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. మామూలు హ్యాక్‌సా బ్లేడ్ పళ్లు రెండు పక్కలకీ ఒరిగి ఉంటాయి కాబట్టి గాడి వెడల్పై ఫ్రెట్ ఊగుతుంది. బ్లేడును సానరాయి మీద రెండు పక్కలా పడుకోబెట్టి రుద్ది ఆ ఒరుగు తీసేస్తే పని జరుగుతుంది. ఫింగర్‌బోర్డ్ ఇంకా దీర్ఘచతురస్రంగా ఉన్నప్పుడే గాడులు కోయాలి. ఏటవాలుగా చెక్కాక మూలమట్టం ఆనడానికి చోటు ఉండదు.

నెక్ అతికించడం

ఇక్కడ నెమ్మదించండి. చెడిపోయే బేస్‌లన్నీ దాదాపు ఇక్కడే చెడతాయి.

ముందు కర్ర ఆరిందా? కళ్లతో చూస్తే తెలియదు. నెక్ దిమ్మను, ఫింగర్‌బోర్డ్‌ను పని చేసే గదిలోనే పెట్టి, వారానికోసారి వంటింటి కాటా మీద తూచి చెక్క మీదే రాయండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆ గది గాలికి కర్ర అలవాటుపడినట్టు. జూన్ నడుమ నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా మన వైపు ఈ పని పెట్టుకోవద్దు. వానల్లో అతికించిన నెక్ ఏప్రిల్‌లో మెలి తిరుగుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు సరైనవి.

నెక్ ఒకే దిమ్మతో వద్దు. మూడు పట్టీలు చేసి నిలువుగా అతికించండి. రెండు పక్కలా టేకు, మధ్యలో జిట్టేగి. టేకు పట్టీల్లో ఒకదాన్ని తల కిందులు చేసి పెడితే ఒకటి ఎటు వంగాలనుకున్నా రెండోది అడ్డుపడుతుంది. కర్ర కొసన కనిపించే వలయాలు ఫింగర్‌బోర్డ్‌కు నిలువుగా నిలబడాలి. పడుకుని ఉంటే ఆ కర్ర తీసి పక్కన పెట్టండి. అతికించాక దిమ్మ 90 సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందం.

తర్వాత ట్రస్ రాడ్ గాడి. కొలత వెబ్‌సైట్‌లో చూసి కాదు, చేతికొచ్చిన రాడ్‌ను కొలిచి తీయాలి. రాడ్ గట్టిగా నొక్కితే దిగాలి, పైన ఫింగర్‌బోర్డ్‌కు ఎత్తు తగలకూడదు. వదులుగా ఉంటే కొన్ని స్వరాల దగ్గర లోపల గణగణమంటుంది, ఇక దాన్ని బయటికి తీసే దారి లేదు. పెట్టేముందు రాడ్‌ను చేత్తో పట్టుకుని కీ కుడివైపు తిప్పి చూడండి. మధ్యభాగం ఫింగర్‌బోర్డ్ వైపు లేవాలి. కిందికి పోతుంటే రాడ్ తిరగేసి పట్టుకున్నట్టు. చూశాక మళ్లీ వదులు చేసి, నిటారుగా ఉన్నప్పుడే గాడిలో పెట్టండి.

ఇక జిగురు. తెల్ల జిగురు చాలంటారు తలుపులు చేసే మిత్రులు. తలుపుకు చాలు. తెల్ల జిగురులో సగం దాకా నీరే. ఆ నీరు ఆరు మిల్లీమీటర్ల పలకకు ఒక్క ముఖాన పడితే పలక ఎండలో పెట్టిన అప్పడంలా లేస్తుంది. దాన్ని అలాగే నొక్కి బిగిస్తే ఆ వంపు నెక్‌లోకి చేరుతుంది. పైగా తీగల లాగుడు ఎడతెగకుండా ఉన్నచోట తెల్ల జిగురు మెల్లగా జారుతుంది, మే నెల రేకుల షెడ్డు వేడిలో ఇంకా జారుతుంది. నెమ్మదిగా గట్టిపడే రెండు గొట్టాల ఎపాక్సీయే వాడాలి. ఐదు నిమిషాల రకం కాదు, అది రెండో క్లాంప్ బిగించేలోపే ముద్ద కడుతుంది. పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే కలపండి. గట్టిపడే మందు ఎక్కువ పోస్తే త్వరగా ఆరదు, సరిగ్గా ఆరకుండా పోతుంది.

టేకులో నూనె ఉంటుంది. అతికించే ముఖాలు రెండూ 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌లో ముంచిన తెల్లగుడ్డతో గుడ్డకు రంగు అంటడం తగ్గేదాకా తుడవండి. తుడిచాక పావుగంటలోపు జిగురు పడాలి. రాత్రి తుడిచి పొద్దున అతికిస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది.

జిగురు రాసేటప్పుడు రాడ్ గాడి మీద సెల్లో టేప్ వేయండి, అతికించేముందు పీకేయండి. ఒక్క చుక్క రాడ్ మర మీద పడినా ట్రస్ రాడ్ ఉత్త ఇనప ముక్క.

తడి జిగురు మీద పలక జారుతుంది. క్లాంప్ బిగిస్తుంటే రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయి, మీరు గీసిన మధ్యగీత వృథా అవుతుంది. దీనికి ఒకటే మందు: ముందే, పొడిగా ఉన్నప్పుడే, ఒకటో ఫ్రెట్ గాడిలోనూ ఇరవయ్యో దానిలోనూ సన్న రంధ్రాలు చేసి, తల తెంపిన చిన్న మేకులు దించి చూసుకోండి. రాడ్‌కు తగలకుండా పక్కకు చేయాలి. ఆ గుర్తులు ఫ్రెట్ల కింద దాగిపోతాయి.

నెక్ వెనక చెక్కకముందే, చదునుగా ఉన్నప్పుడే అతికించాలి. కింద గ్రానైట్ ముక్క, పైన నాలుగు సెంటీమీటర్ల మందం తిన్నటి కర్ర, మధ్యలో నెక్. గ్రానైట్ మీద ప్లాస్టిక్ కాగితం పరవండి. క్లాంపులు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు కొసల వైపు, రెండు విడతలుగా బిగించాలి. ఎపాక్సీకి అతిగా బిగింపు పనికిరాదు, జిగురంతా బయటికి పోయి లోపల కర్రకు కర్ర మిగులుతుంది. అంచు పొడవునా సన్నటి జిగురు పూస కనిపిస్తే చాలు, ఆపండి.

మర్నాడు క్లాంపులు విప్పి, నెక్‌ను గోడకు ఆనించకుండా నిలువుగా వేలాడదీయండి. వారం ముట్టుకోవద్దు. తర్వాత అల్యూమినియం కిటికీ సెక్షన్ ఒకటి పొడవునా ఆనించి వెలుగుకు పట్టి చూడండి. అర మిల్లీమీటరు లోపు వంపైతే పలకను రుద్ది సరిచేయొచ్చు. అంతకు మించితే ట్రస్ రాడ్ తిప్పి దిద్దాలని చూడకండి. ఆ నెక్ పక్కన పెట్టి ఇంకోటి చేయండి.

మిగతా పని

నెక్ వెడల్పు నట్ దగ్గర 41, ఇరవయ్యో ఫ్రెట్ అవతల 62 మిల్లీమీటర్లు. మందం 22. ఫ్రెట్లు మధ్య నుంచి బయటికి దించండి. గాడులు మరీ బిగువైతే ఇరవై ఫ్రెట్లు ఇరవై మేకుల్లా దూరి నెక్‌ను వెనక్కి వంచుతాయి. నట్ ఎముకతో చేయాలి. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల దగ్గర ముక్కలు దొరుకుతాయి కానీ కొమ్ము మెత్తన, తీగ త్వరగా కోస్తుంది.

బాడీ రెండు పలకలు జత చేసి జిగ్‌సాతో కోయడమే. పై కొమ్ము పన్నెండో ఫ్రెట్ దాకా రావాలి, లేకపోతే బెల్టు వేసుకోగానే తల నేల చూస్తుంది. బాడీలో నెక్ కూర్చునే గుంత లోతు 16 మిల్లీమీటర్లు. నెక్ పట్టి ఎత్తితే బాడీ కూడా లేచేంత బిగువుండాలి. నాలుగు మరలతో బిగించండి. నెక్‌ను బాడీకి జిగురుతో అతికించేవాళ్లు తర్వాత దాన్ని ఎలా విప్పుతారో ఆలోచించరు.

బ్రిడ్జ్ రంధ్రాలు చేసేముందు నట్ నుంచి రెండు దారాలు లాగి, రెండు అంచులకూ సమాన దూరంలో ఉన్నాయో చూడండి. సన్న తీగ శాడిల్ (బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే ముక్క) 863.6 దగ్గర, లావు తీగది ఐదారు మిల్లీమీటర్లు వెనక్కి పోయేలా చోటు వదలండి. వాల్యూమ్, టోన్‌కు 250 కిలో ఓమ్ పాట్లు (పొటెన్షియోమీటర్లు), 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్, బ్రిడ్జ్ కిందికి ఎర్త్ తీగ. అది మరిస్తే తీగలు ముట్టుకున్నా హమ్ తగ్గదు.

పాలిష్ లక్కతో, నెక్ వెనక అవిసె నూనె మాత్రమే. గుంతలో పాలిష్ పడకూడదు.

45–105 తీగలు (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి, ఒక రోజు ఆగి, లావు తీగను ఒకటో ఫ్రెట్ దగ్గర, ఇరవయ్యో దగ్గర నొక్కి పట్టండి. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు దూరేంత సందు, 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు, ఉండాలి. ఎక్కువుంటే రాడ్ కుడివైపు పావు చుట్టు, మళ్లీ ఒక రోజు ఆగి చూడటం. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2.5, సన్నది 2 మిల్లీమీటర్లు. మొదటి వానలు పడ్డాక ఓసారి, సంక్రాంతికి ఓసారి ఆ సందు మళ్లీ కొలవండి.