వార్డు అలవాట్లు, 4వ పాఠం: గ్లవ్స్ తొడిగినంత మాత్రాన చేయి శుభ్రం కాదు

పోయిన పాఠంలో శానిటైజర్ మీద ఇచ్చిన అభ్యాసానికి వైద్య విద్యార్థులు మీరు పంపిన జవాబులన్నీ చదివాను. శానిటైజర్ ఎలా రుద్దుకోవాలో అందరికీ వచ్చేసింది. ఎప్పుడు రుద్దుకోవాలో మాత్రం రాలేదు. వార్డు గుమ్మం దగ్గర 30 సెకన్లు లెక్కపెట్టి మరీ రుద్దుకున్నారు. లోపలికెళ్లాక మంచం పక్కన తెర లాగారు, జేబులోంచి ఫోన్ తీసి టైము చూసుకున్నారు, అదే చేత్తో నాడి పట్టుకున్నారు. ఇంకొందరు చేతులు మండుతున్నాయని రుద్దుకోవడమే మానేసి, పొద్దున తొడిగిన గ్లవ్స్‌తో మధ్యాహ్నం దాకా తిరిగారు. అందుకని ఈసారి చెప్పాల్సిన మాస్కు పాఠం వాయిదా వేసి, గ్లవ్స్ సంగతి ఎత్తుకున్నాను.

ముందు మంట సంగతి. సబ్బుతో కడుక్కుని, తడి ఆరకముందే శానిటైజర్ పూస్తున్నారు. రెండూ కలిపి అక్కర్లేదు. రక్తమో కఫమో కంటికి కనిపిస్తే సబ్బూ నీళ్లూ, 40 నుంచి 60 సెకన్లు. విరేచనాల రోగిని చూసొచ్చినా సబ్బే, ఎందుకంటే విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసీల్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే దాని గట్టి పెంకు రూపాలు, ఆల్కహాల్‌కు చావవు. మిగతా వేళల్లో శానిటైజర్ చాలు. రాత్రి పడుకునే ముందు నేను కొబ్బరినూనె రాసుకుంటాను. పగలు రాయను, నూనె తగిలితే లేటెక్స్ గ్లవ్స్ పాడవుతాయి.

రుద్దుకోవాల్సిన వేళలు ఐదు: రోగిని ముట్టుకునే ముందు, సూది, క్యాన్యులా (రక్తనాళంలోకి పెట్టే సన్నని గొట్టం) లాంటి పనికి ముందు, ఒంటి ద్రవాలు తగిలే పని అయ్యాక, రోగిని ముట్టుకున్నాక, రోగి చుట్టూ ఉన్న మంచం, తెర, సెలైన్ స్టాండు ముట్టుకున్నాక. గోళ్లు, ఉంగరాలు, ఆప్రాన్‌తోనే ఇరానీ హోటల్‌కు వెళ్లడం, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

ఇక గ్లవ్స్. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఏటా కొత్త బ్యాచ్ ఇదే తప్పు చేస్తోంది. గ్లవ్స్ తొడగగానే భయం పోతుంది. భయం పోయిన చేయి అన్నిటినీ ముట్టుకుంటుంది. మీ చర్మానికి అంటకపోవచ్చు, కానీ గ్లవ్స్ పైన అంటుకున్నది పక్క మంచం దాకా వెళుతుంది. పైగా కంటికి కనిపించని చిల్లులుంటాయి, తీసేటప్పుడు మణికట్టుకు అంటుతుంది. కాబట్టి తీశాక రుద్దుకోవాల్సిందే.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి గ్లవ్స్‌తో శాంపిల్ తీసి, అవే గ్లవ్స్‌తో కేస్ షీట్ తిరగేశాను. నా తర్వాత దాన్ని సిస్టరు ఒట్టి చేతులతో తీసుకుంది. ఆమెకు ఏమీ కాలేదు. అయినా ఆ కాగితం ఇప్పటికీ కళ్ల ముందు ఆడుతుంది.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పట్టుకున్నదీ ఇదే. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పుల వార్డుకు వచ్చేవారు, బాలింతలు జ్వరంతో చనిపోయేవారు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించాక మరణాలు బాగా తగ్గాయి. మంచానికీ మంచానికీ మధ్య మార్చని గ్లవ్స్ ఆనాటి చేతులతో సమానం.

మన హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పెద్దవాళ్లు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట కోరంటి అయింది. అంటు ఉన్నచోటే ఆగాలన్నది ఆ పేరులోనే ఉంది. గ్లవ్స్‌కూ అదే లెక్క: ఒక రోగికి ఒక జత, ఆ మంచం దగ్గరే తీసేయాలి. ఒకే రోగి దగ్గర కూడా మురికి పని నుంచి శుభ్రమైన పనికి వెళ్తే మార్చాలి. నాడి చూడటానికి, బీపీ తీయడానికి మామూలుగా గ్లవ్స్ అక్కర్లేదు. అంటువ్యాధి వార్డులో గౌను, గ్లవ్స్ తొడగాల్సి వస్తే ఫోన్ బయటే వదిలేయండి. నేను జిప్ కవర్లో పెట్టి బ్యాగులో పడేస్తాను.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు బయటపడ్డప్పుడు మీలో చాలామంది బడిలో ఉన్నారు. పాల ప్యాకెట్లు కూడా కడిగిన ఇళ్లలోనే పెరిగారు. ఆ అలవాటు ఇంత త్వరగా పోవడం చూస్తే నాకు దిగులేస్తుంది. మళ్లీ అలాంటిది వస్తే నేర్చుకునే తీరిక ఉండదు.

తీసే పద్ధతి: ఒక గ్లవ్‌ను మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని తిరగేస్తూ లాగండి, రెండో చేతి గుప్పిట్లో ఉంచండి. ఒట్టి వేలు రెండో గ్లవ్ లోపలికి దూర్చి, మొదటిదాని మీదుగా తిరగేయండి. తర్వాత శానిటైజర్.

అభ్యాసం. ఇద్దరు చేయాలి. పసుపు నీళ్లలో చిక్కగా కలిపి గ్లవ్స్ వేళ్లకు పూసుకోండి. మీ రూమ్మేటే రోగి. పాత తెల్ల చొక్కా వేసుకుని హిస్టరీ (జబ్బు వివరాలు) అడగండి, నాడి, బీపీ చూడండి, స్టెత్ (స్టెతస్కోప్) పెట్టి వినండి, కాగితం మీద రాయండి, గ్లవ్స్ తీయండి. ఇప్పుడు మణికట్టు, పెన్ను, ముక్కు, చొక్కా గుండీలు వెతకండి. మీ ఒంటిమీద ఒక్క పసుపు మరకా లేకుండా వరసగా పదిసార్లు రావాలి. తొమ్మిదోసారి మరక పడితే మళ్లీ ఒకటి నుంచి. రోగి ఒంటిమీద తప్ప ఇంకెక్కడెక్కడ పసుపు అంటిందో రాసి పంపండి. నాకు మొదటిసారి చెవి వెనక దొరికింది, స్టెత్ తీసేటప్పుడు తగిలే చోట.