విశాఖ ఉక్కకి తగ్గ టర్కీ టవల్ తయారీ

విశాఖ పూర్ణా మార్కెట్‌లో టవల్ కొనేవాళ్లని చూడండి. మడత కూడా విప్పకుండా చెంపకి ఆనించుకుని, మెత్తగా ఉందని డబ్బులిచ్చేస్తారు. ఆ మెత్తదనం చాలాసార్లు నూలుది కాదు, పైన పట్టించిన సిలికాన్ సాఫ్ట్‌నర్‌ది. స్నానం చేసి తుడుచుకుంటే నీళ్లు ఒంటి మీద అటూ ఇటూ జరుగుతాయే గానీ టవల్లోకి దిగవు. నేను ఆటోనగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకుని లాడ్జీలకీ, బ్యూటీ పార్లర్లకీ టర్కీ టవళ్లు చేసిస్తాను. షోలాపూర్‌లో నేయించిన గ్రే బట్ట, అంటే మగ్గం మీంచి దిగిన పచ్చి బట్ట, థాన్లుగా తెప్పించి ఇక్కడ ఉడకబెట్టి, కోసి, కుట్టిస్తాం. సొంతంగా టవళ్లు చేయించుకోవాలనుకునే వాళ్లకి నూలు దగ్గర్నుంచి ఏమేం చూసుకోవాలో చెబుతాను.

పత్తిలో నూటికి 90 పాళ్లకి పైగా సెల్యులోజే, అంటే మొక్కల నారలో ఉండే పదార్థమే. విస్కోస్, మోడల్, లయోసెల్ అనే నారలు కూడా సెల్యులోజే. కాకపోతే అవి చెట్ల గుజ్జు నుంచి వస్తాయి. జామాయిల్ లాంటి చెట్ల గుజ్జుని రసాయనాల్లో కరిగించి, సన్న రంధ్రాల్లోంచి తోసి, మళ్లీ పోగులుగా చేస్తారు. ఆన్‌లైన్లో వెదురు టవల్ అని అమ్మేవాటిలో ఎక్కువ శాతం ఇదే, వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్. సరుకు చెడ్డదేం కాదు, వెదురు మహిమ అని రెట్టింపు ధర మాత్రం పెట్టక్కర్లేదు.

సెల్యులోజ్ గొలుసు పొడవునా నీటిని పట్టుకునే హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. పాలియెస్టర్‌కి అవి లేవు. అందుకే పత్తి మామూలు గాలిలోంచే తన బరువులో 8.5 శాతం తేమ పట్టుకుంటుందని నూలు వ్యాపారంలో లెక్క కడతారు. విస్కోస్‌కి 13 దాకా కడతారు. పాలియెస్టర్ అయితే అర శాతం దగ్గరే ఆగిపోతుంది. విస్కోస్ ఎక్కువ తాగుతుంది కదా అని మొత్తం దాంతోనే నేయించకండి. తడిస్తే పత్తి ఇంకా గట్టిపడుతుంది, విస్కోస్‌కి సగం బలం పోతుంది. లాడ్జీ టవల్‌కి రోజూ ఉతుకుడే కదా, ఎన్నాళ్లు నిలుస్తుంది? నేను నేల పడుగు (బట్టని పట్టి ఉంచే నిలువు పోగులు), పేక (అడ్డు పోగులు) రెండూ నూరుపాళ్లు పత్తితోనే వేయిస్తాను. టవల్ మీద లేచే లూపుల నూలులో మాత్రం 70 పాళ్లు పత్తి, 30 పాళ్లు మోడల్. మోడల్ తడిలో విస్కోస్ కన్నా బాగా నిలుస్తుంది. లయోసెల్ వీటన్నిటికన్నా గట్టిదే గానీ తడిగా రాపిడి తగిలితే పైన నూగు లేస్తుంది. ముదురు రంగు టవల్ మీద ఆ నూగు తెల్లగా కనబడి, కొత్తదే పాతదానిలా ఉంటుంది.

టర్కీ బట్టకి రెండు పడుగులుంటాయి, రెండు బీముల మీద, అంటే పడుగు చుట్టే దూలాల మీద. నేల పడుగు బిగుతుగా, లూపుల పడుగు వదులుగా. మగ్గం రెండు పేక పోగుల్ని బట్టకి కాస్త ఎడంగానే ఆపుతుంది. మూడో పోగు పడగానే దువ్వెనలాంటి పన్నె మూడింటినీ కలిపి బట్టలోకి కొడుతుంది. బిగుతు పడుగు కదలదు కాబట్టి వదులు పడుగు పోవడానికి చోటు లేక పైకీ కిందికీ లూపులై లేస్తుంది. ఆ ఎడంలో దాదాపు సగం లూపు ఎత్తు. షోలాపూర్ నేతగాళ్లలో తరాల కిందట తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు చాలామంది, కాబట్టి బేరాలన్నీ ఫోన్లో తెలుగులోనే. లూపు ఇంకాస్త పెంచమంటే మా మేస్త్రి ఒప్పుకోడు. “బిడ్డా, లూపు లేపుడు నాకేం కష్టం గాదు. పొడుగైనకొద్దీ గోరు తగిలినా లేసొస్తది. పేక దగ్గర దగ్గర పడాలె, అప్పుడే దాని కాలు పట్టి ఉంటది” అంటాడు. ఆయన మాటే సరైంది. లూపుల పడుగు పొడవు నేల పడుగుకి 4, 5 రెట్లుంటే చాలు.

అసలు మెత్తదనమంతా పురిలో, అంటే పోగుకి పెట్టే మెలికలో ఉంది. పురి తక్కువైతే పోగులో నారల మధ్య సందులుంటాయి. నీళ్లు ఆ సందుల వెంట వాటంతటవే పాకుతాయి. పురి బిగిస్తే సందులు మూసుకుపోయి, ఎంత మంచి పత్తైనా గరుకుగానే ఉంటుంది. దీన్ని నూలు దుకాణంలోనే తేల్చుకోవచ్చు. 16 కౌంటు (నూలు సన్నదనం లెక్క, అంకె పెరిగేకొద్దీ సన్నన) పోగొకటి తీసుకుని, అంగుళం పొడవు రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని, పురికి ఎదురు తిప్పండి. 12 చుట్లకల్లా నారలు పక్కపక్కన పడుకున్నట్టు విడిపోతే అది లూపులకి పనికొచ్చే నూలు. 16 చుట్లు దాటినా విడిపోకపోతే అది నేల పడుగుకే. అలాగని మరీ తక్కువ పురీ వద్దు, ప్రతి ఉతుకులోనూ నూగు రాలుస్తుంది. అసలు పురే లేని నూలుతోనూ టవళ్లున్నాయి. నేసేటప్పుడు పోగు తెగకుండా పీవీఏ దారం తోడిస్తారు, నేశాక వేడి నీళ్లలో అది కరిగిపోతుంది. చెయ్యి వేస్తే దూది మీద వేసినట్టే ఉంటుంది గానీ లాడ్జీల ధరకి గిట్టదు.

పొందూరు ఖద్దరు సన్న నూలుతో టవల్ చేయొచ్చా అని ఒకావిడ అడిగారు. ఆ సన్నదనం పంచెకీ చీరకీ సొగసు. లూపు నిలబడాలంటే 16 నుంచి 20 కౌంటు లావుండాలి.

బరువు సంగతికొస్తే, మందంగా ఉంటేనే మంచిదని అందరి నమ్మకం. హైదరాబాద్‌లో చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. సముద్రపు గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే. 700 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో ఆ లెక్క) టవల్ బాత్రూం కొక్కేనికి తగిలిస్తే తెల్లారేసరికి కూడా ఆరదు, రెండో రోజుకే ముక్కిపోయిన వాసన. విశాఖకి 400 నుంచి 450 జీఎస్ఎం చాలు. ఇంట్లో ఉన్నదాన్ని కాటాలో వేసి లెక్కకట్టుకోండి. 75 సెంటీమీటర్ల వెడల్పు, 150 పొడవుంటే వైశాల్యం 1.125 చదరపు మీటర్లు. 500 గ్రాములు తూగితే, భాగిస్తే 444 వస్తుంది.

ఇక ఉడకబెట్టడం. పచ్చి బట్టలో మగ్గం కోసం పెట్టిన గంజి, పత్తికి పుట్టుకతో ఉండే మైనం, రెండూ ఉంటాయి. అవి పోనంతవరకూ నీటి చుక్క తామరాకు మీద ఉన్నట్టే నిలుస్తుంది. ముందు గంజి తీసే అమైలేజ్ ఎంజైము కలిపిన 60 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టి కడగండి. తర్వాత కిలో బట్టకి 20 లీటర్ల నీళ్లు, లీటరుకి 3 గ్రాముల సోడా యాష్, బట్ట త్వరగా తడిసేలా చేసే వెట్టింగ్ ఏజెంటు కొంచెం వేసి గంటసేపు మరగనివ్వండి. నూరుపాళ్లు పత్తైతే సోడా యాష్ బదులు అంతే కాస్టిక్ సోడా వాడొచ్చు, పని త్వరగా అవుతుంది. మోడల్, విస్కోస్ కలిసినదాంట్లో మాత్రం కాస్టిక్ వద్దు, నార ఉబ్బి బలం పోతుంది. స్టీలు గంగాళమే వాడండి. అల్యూమినియాన్ని క్షారం తినేస్తుంది. చేతికి గ్లవుజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. నీళ్లలో కాస్టిక్ వెయ్యాలి, కాస్టిక్ మీద నీళ్లు పొయ్యకూడదు. చివరి కడుగులో కాస్త ఎసిటిక్ యాసిడ్ కలిపితే మిగిలిన క్షారం విరుగుతుంది. తెల్లవి కావాలంటే ఆ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బ్లీచింగ్. క్లోరిన్ చవకే గానీ నారని కొరుకుతుంది.

ఆరాక మూడంగుళాల ముక్క కోసి, గిన్నెలో నీళ్ల మీద వదలండి. 5 సెకన్లలోపు మునిగితే సరే. తేలితే మళ్లీ గంగాళంలోకే. ఈ పరీక్ష కాకుండా మా షెడ్డులో కత్తెర పట్టం. ఒక లాడ్జీ మేనేజరు “అమ్మా, మీ టవల్ అంత జారుడుగా లేదే, ఇంకాస్త సాఫ్ట్‌నర్ పట్టించకపోయారా” అన్నారు. చెంబుడు నీళ్లు తెప్పించి, మా టవల్ మీద, ఆయన వాడుతున్నదాని మీద చెరో నాలుగు చుక్కలు వేశాను. మాదాంట్లో చుక్క వెంటనే ఇంకింది. ఆయనది వంచితే అంచు దాకా దొర్లింది. అప్పటి నుంచి సాఫ్ట్‌నర్ ఊసెత్తలేదు.

ఉడకబెట్టాకే కొయ్యాలి. మొదటి ఉడుకుకి పొడవులో నూటికి 8, 10 దాకా ముడుచుకుంటుంది. ముందే కోసి కుడితే అంచు కుట్టు అలలు పోతుంది. అంచు రెండు మడతలు పెట్టి, మూలల్లో వెనక కుట్టు వెయ్యండి.

వాడేవాళ్లకి రెండు మాటలు. సముద్రం దగ్గరి కాలనీల్లో బోరు నీళ్లు కాస్త ఉప్పగా, సబ్బు నురగ సరిగా రాని గట్టి నీళ్లుగా ఉంటాయి. ఆ నీళ్లలో సబ్బు వాడితే లూపుల్లో తెట్టు పేరుకుంటుంది. సబ్బుకి బదులు డిటర్జెంటు, అదీ సగమే. ఎప్పుడన్నా కడుగు నీళ్లలో అర గ్లాసు వెనిగర్ వేస్తే తెట్టు వదులుతుంది. ఆరేసే ముందు రెండు చెంగులు పట్టి గట్టిగా నాలుగుసార్లు దులిపితే లూపులు లేస్తాయి. ఇస్త్రీ అక్కర్లేదు, చేస్తే మళ్లీ అణిగిపోతాయి. గాజులకో, తలుపు గడియకో చిక్కి ఒక లూపు పొడుగ్గా లేస్తే లాగకండి. చిన్న కత్తెరతో మట్టానికి కోసెయ్యండి. ఇది నేత బట్ట, స్వెట్టర్‌లా ఊడిపోదు.