ఆలివ్ రిడ్లే గుడ్లు: ఎప్పుడు వదిలేయాలి, ఎలా తరలించాలి

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంతలో వందకు అటూ ఇటూ ఉంటాయి. హేచరీ, అంటే గుడ్లు తెచ్చి కంచెలో పొదిగించే చోటు, పెడదామనుకునేవాళ్లు ముందు ఒకటి గుర్తుంచుకోవాలి, అది రెండో దారి మాత్రమే. గుంత పోటు గీతకు పైన, కుక్కలూ నక్కలూ తిరగని చోట ఉంటే గుడ్లు తాకొద్దు. తాబేలు పాకిన జాడ కాలితో చెరిపేసి, గుంత చోటు గుర్తు రాసుకుని వచ్చేయండి. కుక్కల భయం ఉంటే పైన ఇనుప జాలీ పరిచి అంచులు పాతండి. గుడ్లు పెట్టిన 45వ రోజుకల్లా దాన్ని తీసేయాలి, లేదంటే పిల్లలు అందులోనే ఇరుక్కుంటాయి.

తరలించక తప్పకపోతే అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఈ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. మంచి ఉద్దేశంతోనే అయినా అనుమతి లేకుండా గుడ్లు తీయడం నేరమే.

తాబేలు కనబడితే దూరంగా, వెనకవైపు కూర్చోండి. టార్చి వేయొద్దు. గుడ్లు పెట్టకముందే బెదిరితే సముద్రంలోకి తిరిగి వెళ్లిపోతుంది. గుడ్లు పెట్టాక ఇసుక కప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దబదబా కొట్టి నేల గట్టి చేస్తుంది. ఆ చప్పుడు వినిపిస్తే పని అయిపోయినట్టే, అది నీళ్లలోకి వెళ్లేదాకా ఆగండి. జాడ మాత్రమే దొరికితే వచ్చిన గీతకూ వెళ్లిన గీతకూ మధ్య కలబోసినట్టున్న ఇసుకలో చేత్తోనే వెతకండి. ఇనుప చువ్వ గుచ్చి చూస్తే ఒక గుడ్డు పగులుతుంది, అది కుళ్లి పక్కవాటినీ పాడు చేస్తుంది.

గుడ్లు తీయడంలో జరిగే తప్పే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపల పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే అతుకు ఊడి పిండం చచ్చిపోతుంది. పైకి మాత్రం గుడ్డు నిక్షేపంగా కనిపిస్తుంది. అందుకే రెండు మూడు గంటల్లోపే తరలింపు పూర్తి చేయండి. పొద్దున్నే దొరికిన గుంత అయితే ప్రతి గుడ్డుకూ పైవైపు పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఆ చుక్క పైకే ఉండేలా తీసి, అలాగే మళ్లీ పెట్టండి. గుడ్డు మెత్తగా, చిన్న సొట్టతో ఉంటే పాడైందని పారేయొద్దు, కొత్త గుడ్డు అలాగే ఉంటుంది. చేతులకు దోమల మందు, నూనె ఉండకూడదు. బకెట్ అడుగున రెండంగుళాల తడి ఇసుక వేసి, లెక్కపెడుతూ పేర్చి, నడిచే తీసుకెళ్లండి. మోటారు సైకిలు కుదుపులకు గుడ్లు దొర్లుతాయి.

హేచరీ చోటు అమావాస్య, పౌర్ణమి పోటు కూడా అందని ఎత్తులో, సరుగుడు వేర్లు లేని ఇసుకలో ఉండాలి. నిరుడు వాడిన చోట మళ్లీ పెట్టొద్దు, పాత ఇసుకలో బూజు మిగిలి ఉంటుంది. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు స్థలంలో నడవడానికి దారి వదిలితే 40 గుంతల దాకా పడతాయి. గుంతకూ గుంతకూ మధ్య మీటరు దూరం తప్పనిసరి. కంచె అడుగుభాగం సన్న కన్నాల ఇనుప జాలీతో కట్టి, అడుగున్నర లోతు పాతండి. పీతలు కిందనుంచే తవ్వుకొస్తాయి. పాత వలలు ఊరికే దొరుకుతాయి కదా అని కట్టేస్తారు, పిల్లల రెక్కలు చిక్కుకునేది వాటిలోనే.

పైనున్న పొడి ఇసుక పక్కకు లాగి, తడి ఇసుక తగిలాక చేత్తో తవ్వండి. లోతు ఒక మూర, మెడ జానెడు, అడుగు జానెడున్నర వెడల్పు, అచ్చం కుండ ఆకారం. తల్లి తవ్వే గుంత ఇదే కొలత. గుడ్లు ఒక్కొక్కటే పెట్టి, పైన ముందు తడి ఇసుక, తర్వాత పొడి ఇసుక వేసి అరచేత్తో అదమండి. కాలితో తొక్కకూడదు. పలక మీద తేదీ, గుడ్ల లెక్క, తెచ్చిన చోటు రాయండి.

పిల్ల ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి. వేడి పెరిగితే ఆడవి, చల్లబడితే మగవి. కాబట్టి మొదటి రోజు నుంచే షేడ్ నెట్ కప్పేసి మగవాటినే పొదిగించొద్దు. గుంత లోతులో థర్మామీటరు పెట్టి, 33 డిగ్రీలు దాటుతున్నప్పుడే నెట్ వేయండి. 35 దాటి అలాగే ఉంటే పిండాలు బతకవు. సాయంత్రం మంచినీళ్లు పలచగా చల్లొచ్చు. బకెట్లతో పోస్తే గుడ్లకు గాలి ఆడదు. సముద్రపు నీళ్లు అసలే వద్దు.

45వ రోజు నుంచి ప్రతి గుంత మీదా అడుగు లేని వెదురు బుట్ట బోర్లించి, రాత్రి గంటకోసారి చూడండి. నడిమధ్య ఇసుక చిన్న గిన్నెలా కుంగితే కింద కదలిక మొదలైనట్టు. బయటికొచ్చిన పిల్లలను వెంటనే వదలాలి. వాటి ఒంట్లో ఉన్న సొన ఈదుకుంటూ లోతు నీళ్లకు చేరడానికే. నీళ్ల తొట్టెలో వేస్తే ఆ శక్తంతా అక్కడే గోడలకు కొట్టుకుని ఖర్చయిపోతుంది. పట్టపగలు బయటికొస్తే తడి గుడ్డ పరిచిన పెట్టెలో, నీడలో, సందె చీకటి పడేదాకా ఉంచండి. ఫోటోల కోసం మర్నాడు అతిథులొచ్చేదాకా ఆపడం వాటికి చేసే అపకారమే. అలలకు పది మీటర్ల ముందు ఇసుకమీద వదిలి, వాటంతట అవే పాకనివ్వండి. జనం వెనకే నిలబడాలి, దగ్గర్లోని రొయ్యల హేచరీ వాళ్లను ఆ గంటసేపు లైట్లు ఆర్పమని అడగండి.

ఈ పనిలో మత్స్యకారులే కీలకం, గుంత ముందుగా కనబడేది వాళ్లకే. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అప్పటికి గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది. కాబట్టి ట్రాలర్ (వల ఈడ్చే మర పడవ) వలలకు, చిక్కిన తాబేలు బయటపడే పరికరం బిగించాలన్న మాట జనవరికి ముందే కదపాలి.

మొదటి పిల్ల వచ్చిన నాలుగైదు రోజులకు గుంత తవ్వి లెక్క తీయండి. పిండం జాడే లేని గుడ్లు ఎక్కువుంటే తరలించేటప్పుడు దొర్లించారన్న అనుమానం, ఎదిగి చచ్చినవి ఎక్కువుంటే వేడి, తడిసి కంపు కొడుతుంటే నీళ్లు నిలిచాయి. మిగిలినవి దూరంగా పాతిపెట్టండి, లేకపోతే ఆ వాసనకు కుక్కలు పక్క గుంతలకు వస్తాయి.