కొత్త ఇంటికి మారాక కుక్క తప్పిపోతే

ఇల్లు మారిన మొదటి వారాల్లో కుక్క బయటికి పారిపోతే, ఆకలేసినప్పుడు అదే తిరిగి వస్తుందని గేటు తెరిచి ఎదురుచూసేవారు చాలామంది ఉంటారు. ఏళ్ల తరబడి ఉన్న పాత ఇంట్లో ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉండేది. కొత్తచోట అది లేదు, ఎందుకంటే తాను తిరిగి చేరవలసిన ఇల్లు ఇదేనని కుక్కకు ఇంకా తెలియదు.

వేటకుక్కల మెడకు జీపీఎస్ పరికరాలు కట్టి చెక్ శాస్త్రజ్ఞులు జరిపి, 2020లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అడవిలోకి దూరంగా పరుగెత్తిన కుక్కలు యజమాని దగ్గరికి ముఖ్యంగా రెండు విధాలుగా తిరిగివచ్చినట్టు తేలింది: కొన్ని తాము వెళ్లిన దారినే వెనక్కి వచ్చాయి, కొన్ని పూర్తిగా వేరే దారి పట్టి వచ్చాయి. పాత ఇంటి నుంచి వాహనంలో వచ్చిన కుక్కకు నేలమీద తన అడుగుల వాసన ఉండదు. కొత్త ఇంటి చుట్టూ గుర్తుపట్టే మూలా మలుపూ ఉండవు. అందువల్ల తప్పిపోకుండా చూసుకోవడమైనా, తప్పిపోయాక వెతకడమైనా, దారి తెలియని ప్రాణి గురించి ఆలోచిస్తున్నామన్న ఎరుకతోనే మొదలుపెట్టాలి.

సామాన్లు కదలకముందు

మెడపట్టీకి తగిలించే బిళ్లమీద ప్రస్తుతం పనిచేస్తున్న ఫోన్ నంబరు ఉందో లేదో ముందుగా చూసుకోండి. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వేయించి ఉంటే, అది నమోదైన చోట కొత్త చిరునామా, ఫోన్ నంబరు మార్పించండి. బియ్యపుగింజంత ఉండే ఆ చిప్‌లో బ్యాటరీ ఉండదు, అది కుక్క ఎక్కడుందో చెప్పదు. స్కానర్ దగ్గరపెట్టి చదివినప్పుడు ఒక సంఖ్యను, సాధారణంగా 15 అంకెలది, చూపిస్తుంది, అంతే. ఆ సంఖ్య వెనుక పాత నంబరే ఉంటే చిప్ ఉండీ లేనట్టే. బ్యాంకులోనూ ఉద్యోగంలోనూ చిరునామా మార్పించుకోవడం మరచిపోనివారు సైతం ఈ ఒక్క పనిని మరచిపోతుంటారు.

సామాన్లు ఎక్కించే రోజూ దించే రోజూ తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి, ఎవరు తెరిచారో ఎవరు మూయాలో ఎవరికీ తెలియదు. ఆ రెండు రోజులూ కుక్కను తెలిసినవారి ఇంట్లో ఉంచడం అన్నిటికంటే మంచిది. వీలుకాకపోతే ఒక గదిలో నీళ్లు, దాని పాత పడక పెట్టి, లోపల కుక్క ఉందని తలుపుమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఆ పడకను ఉతకవద్దు. కొత్త ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే కావచ్చు.

మొదటి వారాల్లో ప్రహరీ లోపలికి కూడా తాడు లేకుండా వదలవద్దు. మెడపట్టీ కింద రెండు వేళ్లు పట్టేంత వదులు చాలు. భయపడిన కుక్క వెనక్కి గుంజుకుని తల తప్పించుకోగలదు కాబట్టి, ఛాతీ పట్టీని కూడా వేసి రెండింటికీ తాడు కట్టడం క్షేమం. నడకకు తీసుకువెళ్లేటప్పుడు రోజుకో వీధి తిప్పకండి. ఒకే చిన్న చుట్టును కొన్నాళ్లు తిప్పి, ప్రతిసారీ ఇంటి వాకిలి దగ్గరే ముగించి, అక్కడే ఇష్టమైన తిండి ముక్క పెట్టి, ఆ తర్వాత చుట్టును కొద్దికొద్దిగా పెంచండి. ఎన్ని వారాలన్న లెక్క అన్ని కుక్కలకూ ఒకటి కాదు. కడుపునిండా తింటూ, ఒళ్లు వదిలేసి నిద్రపోతూ, నడక చివర మిమ్మల్ని ఇంటివైపు లాగుతోందంటే అది దారి నేర్చుకుంటోందని అర్థం.

తప్పిపోయిన వెంటనే

ఇంట్లో ఒకరు తలుపు దగ్గరే ఉండాలి. మిగిలినవారు చివరిసారి కనిపించిన చోటి నుంచి వెతకడం మొదలుపెట్టాలి. బండి వేసుకుని దూరాలకు పరుగెత్తేముందు ఆగి ఉన్న వాహనాల కిందా, పొదల్లోనూ, కట్టడం పూర్తికాని భవనాల్లోనూ, మెట్ల కిందా టార్చిలైటుతో చూడండి. బెదిరిన కుక్క దగ్గరలోనే ఎక్కడో నక్కి, యజమాని పేరుపెట్టి పిలుస్తున్నా కదలకుండా ఉండగలదు. 2012లో అమెరికాలో ప్రచురితమైన ఒక సర్వేలో, తప్పిపోయిన కుక్కల్లో 93 శాతం తిరిగి దొరికాయని, వాటిలో దాదాపు సగం చుట్టుపక్కల వెతకడం వల్లే దొరికాయని తేలింది. కాబట్టి ఫోన్‌లో ప్రకటనలు పెట్టడంతో సరిపుచ్చక, కాళ్లకు పని చెప్పండి. తెల్లవారుజామునా రాత్రి సద్దుమణిగాకా మళ్లీ తిరగండి. దాక్కున్న కుక్కలు ఆ వేళల్లోనే బయటికి వస్తాయి.

అదే సమయంలో పాత ఇంట్లో ఇప్పుడుంటున్నవారికీ అక్కడి ఇరుగుపొరుగుకూ ఫోన్ చేసి, కుక్క ఫొటో పంపండి. పాత ఇల్లు నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉంటే, రెండు ఇళ్ల మధ్య దారిని కూడా రోజూ చూడాలి. దూరం ఎక్కువైనా ఆ ఫోన్ మానవద్దు, దానికి ఖర్చయ్యేది రెండు నిమిషాలే.

ఇక అందరూ చేసే తప్పు ఒకటుంది: కుక్క కనిపించగానే కేకవేసి దాని వెనుక పరుగెత్తడం. భయంలో ఉన్న కుక్కకు వెంటపడే ప్రతి మనిషీ శత్రువే, అది రోడ్డు మీదికి దూకి వాహనం కింద పడవచ్చు. మీకు కనిపిస్తే ఉన్నచోటే పక్కకు తిరిగి కూర్చోండి. దాని కళ్లలోకి చూడకుండా, ఇంట్లో మాట్లాడే గొంతుతో మెల్లగా మాట్లాడుతూ, తిండి ముక్కలు నేలమీద విసురుతూ ఉండండి. అరగంట పట్టినా తొందరపడవద్దు. సాయానికి వచ్చినవారికి కూడా పట్టుకోవద్దనీ, చూసి ఫోన్ మాత్రం చేయమనీ ముందే గట్టిగా చెప్పండి. అది ఒకేచోట పదేపదే కనబడుతూ దగ్గరికి రానివ్వకపోతే, రోజూ ఒకే వేళకు అక్కడ తిండిపెట్టి అలవాటు చేసి, జంతుసంరక్షకుల సాయంతో బోను పెట్టించడమే మార్గం. బోనును గమనించకుండా వదిలి వెళ్లకూడదు.

పోస్టరుమీద కథ రాయకండి. బండిమీద వెళ్లేవాడు ఒక్క చూపులో చదవగలిగేలా పెద్ద ఫొటో, కుక్క తప్పిపోయిందన్న మాట, ఫోన్ నంబరు, తరమవద్దన్న హెచ్చరిక ఉంటే చాలు. ఒక గుర్తును మాత్రం మీ దగ్గరే దాచుకోండి, ఉదాహరణకు కడుపుమీది మచ్చ. కుక్క దొరికిందంటూ ముందుగా డబ్బు పంపమనేవారినీ, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమనేవారినీ ఆ గుర్తు ఏమిటన్న ఒక్క ప్రశ్న బయటపెడుతుంది. జంతుసంరక్షణ కేంద్రాలకు, పశువైద్యశాలలకు ఫోన్‌లో వర్ణించి ఊరుకోకుండా స్వయంగా, ఒకటికి నాలుగుసార్లు వెళ్లండి. మీరు గోధుమరంగు అన్నదాన్ని అక్కడివారు ఎరుపని రాసుకుని ఉండవచ్చు.

దొరికాక

ఆనందంతో మీదపడి ఎత్తుకోవడానికి ముందు తాడు తగిలించండి, బండిలో ఉంటే తలుపులు మూసి, అద్దాలు ఎత్తండి. దొరికిన కుక్క అదే రోజు మళ్లీ తప్పించుకోవడం అరుదేమీ కాదు. ఎన్ని రోజులు తప్పిపోయినా తిట్టవద్దు, కొట్టవద్దు. తిరిగి వచ్చినందుకే దెబ్బ పడిందని అది నేర్చుకుంటుంది. చాలా రోజులు తిండిలేక చిక్కిపోయి ఉంటే గిన్నెనిండా పెట్టకుండా, కొంచెం కొంచెంగా పలుమార్లు పెడుతూ వెంటనే పశువైద్యునికి చూపించాలి. పాదాల గాయాలు, పిడుదులు, ఇతర జంతువుల కాట్లు వెతకమనండి. కాటు కనబడితే రేబిస్ టీకా వివరాలు వెంట ఉంచుకోండి.

ఆ సాయంత్రమే అది ఏ దారిన బయటపడిందో చూసి, వదులైన గేటు గడియైనా ప్రహరీలోని సందైనా బాగుచేయించండి. మర్నాటి నడకను మళ్లీ మొదటి రోజు తిప్పిన చిన్న చుట్టు నుంచే మొదలుపెట్టండి.